రాసింది సంచిలో పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతాం?

పోయిన నెల ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, నవల రాయడం అయిపోయింది. దాన్ని లిటరరీ ఏజెంట్‌కి పంపాలంట కదా. అంటే ఎవరు? మన ఊరికొచ్చే ఎల్ఐసీ ఏజెంట్ లాంటోళ్లా?"

నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ పోలిక అంత తప్పేం కాదనిపించింది. ఇద్దరూ కమీషన్ మీదే బతుకుతారు. ఆమెకి ఆ రాత్రి వాయిస్ మెసేజ్‌లో చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే అడిగింది ఆమె ఒక్కతే అయినా, ఆశ్రమ పాఠశాల నోటుబుక్కుల్లో, ఫోన్ నోట్స్‌లో రాసి దాచుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నువ్వూ వాళ్లలో ఒకరివైతే, ఇది నీకోసమే.

ముందు ఏజెంట్ సంగతి. రచయితకీ ప్రచురణకర్తకీ మధ్య నిలబడే మనిషి ఏజెంట్. నీ రాతప్రతి చదువుతారు, నచ్చితే నీ తరఫున ప్రచురణ సంస్థలకి చూపిస్తారు, ఒప్పందం మాట్లాడతారు, వచ్చిన డబ్బులో సాధారణంగా 15 శాతం తీసుకుంటారు. విదేశీ హక్కులు, అనువాద హక్కులు అమ్మితే మామూలుగా 20 శాతం. ఇంగ్లీషు పుస్తకాల లోకంలో ఇది మామూలు వ్యవహారం. మన దేశంలోనూ ఢిల్లీ, జైపూర్, బెంగళూరు లాంటి చోట్ల కొద్దిమంది ఉన్నారు. తెలుగులో మాత్రం ఆ పద్ధతి దాదాపు లేదు. తెలుగులో పుస్తకం ఎట్లా వస్తదో నీకు తెలుసు. చాలాసార్లు రాసినోళ్లే డబ్బులు పోగుచేసుకుని, డీటీపీ చేయించి, ప్రెస్‌లో డెమ్మీ సైజులో 500 కాపీలు వేయించి, సగం పంచిపెట్టి, సగం మంచం కింద పెట్టుకుంటారు. పెద్ద ప్రచురణ సంస్థలు కొన్ని సొంత ఖర్చుతో వేస్తాయి, నిజమే. వాటికి నేరుగా నువ్వే పంపాలి. మధ్యలో ఏజెంట్ ఉండరు.

అయితే ఆ ఖాళీ ఖాళీగా ఉండిపోలేదు. అందులో "సారు" కూర్చున్నాడు.

ఎవరీ సారు? పట్నంలో ఉంటాడు. మన సభలకొస్తాడు, మన పాటకి గొంతు కలుపుతాడు. నాలుగు పత్రికలవాళ్లు తెలుసు. "రాతప్రతి నాకియ్యి, ముందుమాట రాస్తా, ఎవరికన్నా చెప్పి వేయిస్తా" అంటాడు. అందరూ చెడ్డవాళ్లు అనడం లేదు. మంచి సార్లు నాకూ తెలుసు, వాళ్ల వల్ల వచ్చిన మంచి పుస్తకాలూ తెలుసు. కానీ ఏజెంట్‌కీ సారుకీ ఒక తేడా ఉంది. ఏజెంట్‌తో కాగితం మీద ఒప్పందం ఉంటది. సారుతో ఉండేది గౌరవం ఒక్కటే. గౌరవం ఉన్నచోట మనం ఏమీ అడగలేం.

నా సంగతే చెప్తా. నాకు 22 ఏళ్లప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథలు, ఊళ్లో పెద్దోళ్లు చెప్పినవి కలిపి రెండు పెద్ద నోటుబుక్కుల్లో రాశాను. ఒక సారుకి ఇచ్చాను. జిరాక్స్ తీసుకోలేదు. డబ్బుల్లేక కాదు, సిగ్గుపడి. జిరాక్స్ తీస్తే సారు మీద అనుమానం ఉన్నట్టు అవుతదని. ఏడాది దాటినా పలుకు లేదు. అడిగితే, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయినయ్ అన్నాడు. మూడేళ్ల తర్వాత ఒక పుస్తకాల షాపులో నిలబడి ఒక సంకలనం తిరగేస్తుంటే మా నాయనమ్మ కథ కనబడింది. ఆమె మాట తీరు కూడా అట్లాగే ఉంది. కింద సేకరణ అని సారు పేరు. కృతజ్ఞతల పేజీలో "ఒక కోయ యువకుడు" అని ఉంది. ఆ యువకుడిని నేనే. అప్పటికి నాయనమ్మ లేదు. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఎవరి పేరూ రాయను. ఇప్పుడు ఆ గొడవ తవ్వి లాభం లేదు. అందులో నా తప్పూ ఉంది. కానీ అప్పటినుంచి నా అభిప్రాయం ఒకటే: మన పిల్లలు రాతప్రతిని ఉత్తరం రాసి, తేదీ వేసి, నకలు దగ్గర పెట్టుకుని పంపడం నేర్చుకోవాలి. సారుకి పంపినా, ఢిల్లీ ఏజెంట్‌కి పంపినా, విజయవాడ ప్రచురణకర్తకి పంపినా అంతే. దీన్ని ఆఫీసు పని అనుకుంటారు మనవాళ్లు. పోడు పట్టాకి దరఖాస్తు పెట్టినప్పుడు రసీదు అడగకుండా వస్తామా? కథకి మాత్రం ఎందుకు అడగం?

మన గురించి పుస్తకాలు లేక కాదు. హైమండార్ఫ్ చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పెద్ద పెద్ద గ్రంథాలు వేశాడు. అల్లం రాజయ్య, సాహు కలిసి కొమురం భీం మీద నవల రాశారు. వాటిని తక్కువ చేయను. నేనూ చదివి నేర్చుకున్నా. కాకపోతే అట్ట మీద పేరు మనది కాదు. ఆ పేరు మనది కావాలంటే ఎవరో ఒకరు రాసింది బయటికి పంపాలి. సంచిలో ఉన్నది పుస్తకం కాదు.

సరే, ఎట్లా పంపాలి?

మొదట భాష తేల్చుకో. నువ్వు తెలుగులో రాస్తే ఇంగ్లీషు ఏజెంట్ నేరుగా చదవలేరు. అంతమాత్రాన ఇంగ్లీషులోనే రాయాలని మీద వేసుకోకు. దారి ఇంకొకటి ఉంది, అనువాదకులు. కేరళలో మలయరయ తెగకి చెందిన నారాయణ్ "కొచ్చరేత్తి" నవలని మలయాళంలో రాశాడు. 1998లో వచ్చింది, మరుసటేడు కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కేథరిన్ తంకమ్మ ఇంగ్లీషు అనువాదం ఆక్స్‌ఫర్డ్ నుంచి 2011లో వచ్చింది. మధ్యలో 13 ఏళ్లు. మొన్న 2025లో కన్నడ కథలకి, బాను ముష్తాక్ "హార్ట్ లాంప్"కి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది కదా. ఆ 50,000 పౌండ్లని రచయిత్రి, అనువాదకురాలు దీపా భస్తి చెరి సగం పంచుకున్నారు. బహుమతి నియమమే అది. అంటే తెలుగులో రాసే నీకు ఏజెంట్ కంటే ముందు కావాల్సింది మంచి అనువాదకులు. రెండు కథలు అనువాదం చేయించు, ఏదన్నా పత్రికకి పంపు. ఒకటి అచ్చయ్యాక ఏజెంట్ తలుపు తట్టడం తేలిక.

ఏజెంటే లేకుండా వెళ్లినవాళ్లూ ఉన్నారు. రూబీ హెంబ్రోమ్ అనే సంతాల్ అక్క 2012లో కోల్‌కతాలో "ఆదివాణి" అనే ప్రచురణ సంస్థ పెట్టింది, ఆదివాసులు రాసిన పుస్తకాలు వేయడానికే. జసింతా కెర్కెట్టా మొదటి కవితల పుస్తకం "అంగోర్" 2016లో హిందీ, ఇంగ్లీషు పక్కపక్కన అక్కడినుంచే వచ్చింది. ఇక మన తెలుగులో, రమేష్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథల పుస్తకం "ఢావ్లో"కి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. లంబాడీ, ఆదివాసీ తగువు ఇక్కడ కామెంట్లలో మొదలుపెట్టకండి దయచేసి. నేను చెప్పేది తండా నుంచి ఒక పిల్లోడు తన ఊరి మాటల్ని తన పేరుతో అచ్చు వేయించుకున్న సంగతి.

ఇప్పుడు ఉత్తరం. ఏజెంట్‌కైనా ప్రచురణకర్తకైనా ముందు వెళ్లేది ఒక పేజీ ఉత్తరం. పుస్తకం ఏంటి, ఎన్ని పదాలు, పూర్తయిందా, నువ్వెవరు. దాంతోపాటు కథ సారాంశం ఒకటి రెండు పేజీలు, మొదటి మూడు అధ్యాయాలు. ఏది ఎంత పంపాలో ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు, వాళ్ల వెబ్‌సైట్‌లో రాసి ఉంటది, చదివి అట్లాగే పంపు. సారాంశంలో ముగింపు దాచిపెట్టకు. "మిగతాది తెరమీద చూడండి" అనే పని అక్కడ చెల్లదు, చివరికి ఏమైందో చెప్పాలి. నవల అయితే మొత్తం రాయడం పూర్తయ్యాకే పంపు.

ఇక్కడే మనవాళ్లు జారిపోతారు. ఆ చెల్లి నాకు పంపిన మొదటి ఉత్తరం ఇట్లా మొదలైంది (ఆమెని అడిగే ఇక్కడ పెడుతున్నా): "అడవితల్లి ఒడిలో పుట్టి, తరతరాలుగా అణచివేతకు గురైన జాతి బిడ్డగా మా కన్నీటి గాథను లోకానికి వినిపించాలని..."

అందులో అబద్ధం లేదు. కానీ ఆ వాక్యం ఏ ఆదివాసీ అయినా రాయొచ్చు, ఆదివాసీ కానోళ్లు కూడా మన గురించి ఎన్నోసార్లు రాశారు. అందులో ఆమె నవల ఎక్కడుంది? ఫోన్ చేసి, అసలు కథేంటి చెల్లీ అని అడిగితే గడగడా చెప్పింది. అదే రాయమన్నా. రెండోసారి ఇట్లా వచ్చింది: "పోలవరం ముంపులో ఊరు ఖాళీ చేయాల్సిన వారం రోజుల్లో, తాత పేరున నిలబెట్టిన రాయిని వదిలి వెళ్లాలా, పెకిలించి తీసుకెళ్లాలా తేల్చుకోలేని ఒక కోయ కుటుంబం కథ ఇది. 62,000 పదాలు. తెలుగులో పూర్తయింది."

చూశావా? ఈ వాక్యం చదివినోళ్లకి ఆ రాయి ఏమైందో తెలుసుకోవాలనిపిస్తది. జాతి, అణచివేత, కన్నీళ్లు అన్నీ ఆ రాయిలోనే ఉన్నయ్.

"నువ్వెవరు" అన్న చోట ఆదివాసీ అని రాయాలా వద్దా అని కూడా అడిగింది. రాయి. ఏ తెగ, ఏ ప్రాంతం, ఏం చదివావు, ఏం పని చేస్తున్నావు, ఇంతకుముందు ఏం అచ్చయింది, నాలుగు లైన్లు. కానీ పేదరికాన్ని సర్టిఫికెట్‌లా జత చేయకు. ఐటీడీఏ ఆఫీసులో కుల ధ్రువీకరణ పత్రం చూపించి చూపించి మనకి అలవాటైపోయింది. ఈ ఉత్తరం అట్లాంటిది కాదు.

పంపేటప్పుడు నోటుబుక్కు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకు. యూనికోడ్‌లో టైప్ చేసిన వర్డ్ ఫైల్, దాని పీడీఎఫ్. తెలుగు ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నయ్, యూనికోడ్ ఫైలుని వాళ్లు మార్చుకుంటారు. ఆ మార్పిడిలో కోయ మాటలు, గోండి మాటలు విరిగిపోతాయి. డీటీపీ చేసే తమ్ముడు తెలియక మన మాటని "సరిచేసి" తెలుగు మాట పెట్టేస్తాడు. ప్రూఫు నీ చేతికి రాకుండా అచ్చుకి వెళ్లొద్దని ముందే రాసి పెట్టుకో.

ఒకరికి పంపి ఏడాది ఎదురుచూడకు. ఒకేసారి ఐదారుగురికి పంపొచ్చు, ఆ మాట ఉత్తరంలో చెప్తే చాలు. ఎవరికి, ఏ తేదీన, ఏం పంపావో ఒక కాగితం మీద రాసుకో. మూడు నెలలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయి. తర్వాత వదిలేయి. చాలామంది జవాబే ఇయ్యరు. అది నీ ఒక్కదాని మీద చూపించే వివక్ష అని మొదటి రోజే తీర్మానించుకోకు, ఢిల్లీలో పెద్ద కాలేజీల్లో చదివినోళ్లకీ అదే మౌనం. వివక్ష లేదనీ అనను. "మీ కథలు బాగున్నాయి కానీ పాఠకులకి దగ్గరవ్వాలంటే" అని మొదలయ్యే జవాబులు వస్తాయి. ఆ పాఠకులెవరో వాళ్లనే అడగాలి.

డబ్బు సంగతి. మంచి ఏజెంట్ నీ దగ్గర ముందు డబ్బు తీసుకోరు. నీకు వస్తేనే వాళ్లకి వస్తది. చదవడానికే ఫీజు అడిగేవాళ్లు ఉన్నారు, ఇయ్యకు. ఇన్‌స్టాగ్రామ్‌లో "మీ పుస్తకాన్ని మేం ప్రపంచానికి పరిచయం చేస్తాం" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఏజెంట్లు కాదు, ప్రచురణకర్తలూ కాదు, ప్రింటింగ్ దుకాణాలు. సొంతంగానే వేసుకోవాలనుకుంటే ఆ డబ్బు నేరుగా ప్రెస్‌కి ఇయ్యి. ఐఎస్‌బీఎన్ నంబరుకి వేలు అడుగుతారు కొందరు. మన దేశంలో అది రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ నుంచి ఉచితంగా వస్తది.

ఒప్పందం వస్తే సంతోషంలో వెంటనే సంతకం పెట్టకు. 1957 కాపీరైట్ చట్టం మనవైపు కొంచెం ఉంది, ఆ కొంచెం తెలుసుకో. రాసినోళ్లే మొదటి హక్కుదారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కావాలంటే 500 రూపాయలతో చేయించుకోవచ్చు. నువ్వు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటది, అంటే నీ మనవలకి కూడా. 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఇంకొకరికి రాసియ్యాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్నోళ్లు ఏడాది లోపల వాడుకోకపోతే, కాగితంలో వేరేగా రాసి లేకపోతే, హక్కు తిరిగి నీదే. అందుకే "సర్వహక్కులు, శాశ్వతంగా" అన్న మాట కనబడితే ఆగు. సినిమా, అనువాదం, ఆడియో హక్కులు విడివిడిగా అడుగు.

ఇదే చట్టంలో మనకి పెద్ద కంత కూడా ఉంది. నాయనమ్మ చెప్పిన కథని ఎవరు రాస్తే రాసిన ఆ మాటలకి వాళ్లే హక్కుదారులు. చెప్పిన నాయనమ్మకి కథ మీద ఏమీ లేదు. పాడినవాళ్లకి మాత్రం ప్రదర్శకుల హక్కు కింద కొంత రక్షణ ఉంది, వాళ్ల ఒప్పుకోలు లేకుండా పాట రికార్డు చేసి అమ్ముకోకూడదు. కథ చెప్పినోళ్ల సంగతి చట్టం సరిగ్గా పట్టించుకోలేదు. చట్టం చేయనిది మనం చేయొచ్చు. ప్రధాన్ తాత కీక్రి పట్టుకుని చెప్పిన కథని నీ పుస్తకంలో వాడుకుంటే, ఆయన పేరు, ఊరు ఆయన్ని అడిగి లోపలి పేజీలో పెట్టు. ఏజెంట్‌కి పంపే ఉత్తరంలోనే చెప్పు. సారు నాకు చేసింది నేను ఇంకొక తాతకి చేస్తే నాకేం మిగిలింది?

అట్ట బొమ్మ విషయంలో కూడా మాట తీసుకో. కోయ నవలకి రాజ్‌గోండుల గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టేస్తారు, వాళ్లకి అన్నీ ఒకటే. చివర్లో పదకోశం అడుగుతారు. నా మట్టుకు నేను ఇయ్యనంటా. చదివేవాళ్లు "ఇప్పపువ్వు" వాసన ఎట్లుంటదో తెలియకుండానే కొన్ని పేజీలు నడవొచ్చు, ఏం కాదు. మేం ఇంగ్లీషు కథల్లో ఓక్ చెట్టుని చూడకుండానే చదివాం.

చివరిది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. హాంస్దా సౌవేంద్ర శేఖర్ సంతాల్ రచయిత, జార్ఖండ్‌లో ప్రభుత్వ డాక్టరు. మొదటి నవలకి 2015లో యువ పురస్కారం వచ్చింది. అదే ఏడు వచ్చిన ఆయన కథల పుస్తకం "ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్"ని 2017 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం నిషేధించింది, ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. సంతాల్ స్త్రీలని కించపరిచాడన్నది ఆరోపణ. దిష్టిబొమ్మలు తగలబెట్టిన గుంపుల్లో మనవాళ్లే ఉన్నారు. నిషేధం డిసెంబరులో ఎత్తేశారు. నాకు ఆ కథలన్నీ నచ్చాయని కాదు. కానీ సర్కారు చేతికి ఆ కట్టె అందించింది మనమే కావడం ఇప్పటికీ గుచ్చుకుంటది. ఉద్యమంలో ఉన్న అన్నలకి, అక్కలకి ఇది: రేపు మన పిల్ల రాసిన పుస్తకంలో మన తాగుడు, మన ఇంట్లో దెబ్బలు, మన పంచాయతీ తప్పు తీర్పు ఉంటాయి. నచ్చకపోతే జవాబు రాయండి, సభ పెట్టి తిట్టండి. ఫిర్యాదు పట్టుకుని కలెక్టర్ ఆఫీసుకి మాత్రం పోవద్దు.

నీకు కూడా ఒక మాట. పంపేముందు ఊళ్లో ఇద్దరికి చదివి వినిపించు. అనుమతి కోసం కాదు, కథ నీది. నిజం మనుషుల్ని గుర్తుపట్టేట్టు రాశావా, చెప్పొద్దని నమ్మి చెప్పిన పేన్ సంగతులు అందులో పడ్డాయా అన్నది వాళ్లే పట్టుకుంటారు.

ఆ చెల్లి నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. ముగ్గురు ప్రచురణకర్తలకి పంపిందట. రెండు అధ్యాయాలు అనువాదం చేయడానికి ఒక లెక్చరర్ అక్క ఒప్పుకుందట, అవి అయ్యాక ఏజెంట్లకి పంపుతదట. అందరికీ ఫోన్ నంబర్ ఇచ్చా అంది. నంబర్ పక్కన "సాయంత్రం 6 తర్వాత చేయండి, అప్పుడు గుట్ట మీదికి వస్తా, పగలు మా ఊళ్లో సిగ్నల్ ఉండదు" అని కూడా రాయమన్నా. రాసిందట.